సుగంధ మొక్కలపై ఆక్సీకరణ నిరోధకాల పిచికారీ: ఎదుగుదల, తైలం

మన ప్రాంతం పేరు చెప్పగానే వినేవారికి బొగ్గు తప్ప మరొకటి స్ఫురించదు. గోదావరిఖని అన్న పేరులోనే గని ఉన్నది. 1871లో విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు పరిసరాలలో బొగ్గును గుర్తించిననాటి నుండి ఈ నేల చరిత్ర బొగ్గు చరిత్రగానే వ్రాయబడుతూ వచ్చింది. కాని బొగ్గు పొరలకు పైన, ఇదే ఉత్తర తెలంగాణ అడవులలో, మరొక సంపద ఉండేది. ఆదిలాబాదు, నిజామాబాదు అడవులలో సహజంగా పెరిగే రూసా గడ్డి అది. శాస్త్రజ్ఞులు నేడు పామారోజా అంటున్న గడ్డి ఇదియే. మధ్య భారతంలోను, దక్కనులోను ఈ గడ్డిని కోసి, దేగులలో వండి తీసిన తైలం బొంబాయి రేవు మీదుగా ఓడలెక్కి టర్కీ దేశం చేరి, అక్కడ గులాబీ అత్తరులో కలిసిపోయేది. ఐరోపా వర్తకులు దానినే టర్కీ జిరేనియం తైలమని భ్రమపడి కొనేవారు. మన గడ్డి పరదేశపు పేరుతో, గులాబీ ధరకు అమ్ముడుపోయిందన్నమాట. ఆ గడ్డిలోని రెండు రకాలకు మోతియా, సోఫియా అన్న పేర్లు నేటికీ వృక్షశాస్త్ర గ్రంథాలలో నిలిచి ఉన్నవి. మోతియా మేలైనది, సోఫియా నాసిరకం.

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి మొక్కల రసాయనంతో పని ఏమని కొందరు విద్యార్థులు అడుగవచ్చును. నన్ను ఈ విషయం వైపు లాగినది ఒక మాటయే. వ్యవసాయ పత్రికలలో ఇటీవల తరచుగా కనిపించే ‘యాంటీ ఆక్సిడెంట్’ అన్న పదానికి తెలుగేమని వృక్షశాస్త్రం చదివే ఒక విద్యార్థిని అడిగింది. ప్రాణవాయువును పూర్వం ఆమ్లజని అనేవారు కనుక ‘ప్రతి ఆమ్లజనీకరణి’ అనవచ్చును. కాని ఆ మాట పలికేలోపు మొక్క వాడిపోతుంది. ‘ఆక్సీకరణ నిరోధకం’ అన్నది కొంత నయం. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంలో ఆరంభమైనప్పుడు, దానికి అనుబంధంగా ఉన్న అనువాద సంస్థ పండితులు పాశ్చాత్య శాస్త్ర పదాలకు అరబ్బీ, ఫారసీ ధాతువుల నుండి వేలాది మాటలు కూర్చిపెట్టారు. ఉర్దూలో ఆక్సీకరణను ‘తక్సీద్’ అంటారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి మన భాషకు అదే పని చేసింది. మాట దొరికిన తరువాత అర్థం వెదకక తప్పలేదు. వెదకగా వెదకగా అది మన ఇంటి ముంగిటకే వచ్చింది.

ఆక్సీకరణమంటే ఏమో సింగరేణి కార్మికుల పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు. తవ్వి వదలిన బొగ్గు గాలి తగిలి తనంతట తాను వేడెక్కి, కొన్నాళ్ళకు పొగ వదలి, చివరకు అంటుకొంటుంది. ఎవరూ నిప్పు పెట్టలేదు. గాలిలోని ప్రాణవాయువు బొగ్గును మెల్లమెల్లగా ఆక్సీకరించి పుట్టించిన వేడియే ఆ నిప్పు. అందుకే భూగర్భ గనులలో పని ముగిసిన భాగాలకు అడ్డుగోడలు కట్టి గాలి ఆడకుండా మూసివేస్తారు. కార్మికుడు ఊపిరి పీల్చుటకు ఏ వాయువు కావలెనో, ఆ వాయువే అదుపు తప్పితే గనికి శత్రువగుతుంది.

ఆకులో జరిగేది కూడా ఇటువంటిదే. ఆకు సూర్యకాంతిని పట్టి, ఆ శక్తితో బొగ్గుపులుసు వాయువును చక్కెరగా మార్చుకొంటుంది. ఇది కిరణజన్య సంయోగక్రియ. ఈ పని సాగుటకు ఆకు మీది పత్రరంధ్రాలు తెరచి ఉండవలెను. కాని రామగుండం మే నెల సంగతి మనకు తెలియనిది కాదు. ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటినప్పుడు, వేరు క్రింద తేమ లేనప్పుడు, మొక్క నీటిని కాపాడుకొనుటకు పత్రరంధ్రాలను మూసుకొంటుంది. అప్పుడు బొగ్గుపులుసు వాయువు లోనికి రాదు. కాంతి మాత్రం ఆగదు. పట్టిన శక్తికి పని లేక, ఆ శక్తి పక్కనే ఉన్న ప్రాణవాయువు మీదకు మళ్ళుతుంది. సూపర్ ఆక్సైడు, హైడ్రోజన్ పెరాక్సైడు, హైడ్రాక్సిల్ ప్రాతిపదిక వంటి ఉగ్ర రూపాలు పుట్టుకొస్తవి. ఇవి పత్రహరితాన్ని, కణపు పొరల కొవ్వులను, చివరకు జన్యు పదార్థాన్ని సైతం దహించగలవు. ఆకు పసుపుబారి మాడిపోవుటలో ఎండకు ఎంత పాత్ర ఉన్నదో, లోపలి ఈ అదృశ్యాగ్నికి అంత పాత్ర ఉన్నది.

మొక్క చేతులు కట్టుకొని కూర్చోదు. 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ అను అమెరికన్ శాస్త్రజ్ఞులు సూపర్ ఆక్సైడును విరిచే ఎంజైమును వెల్లడించారు. 1976లో ఇంగ్లండుకు చెందిన ఫోయర్, హాలివెల్ ఆకు హరితరేణువులో సి విటమిను, గ్లూటాథయోను అను రెండు పదార్థాలు చేయి చేయి కలిపి పెరాక్సైడును నీరుగా మార్చే చక్రాన్ని ప్రతిపాదించారు. జపాను శాస్త్రజ్ఞుడు అసాడా ఆ చక్రాన్ని మరింత స్పష్టం చేశాడు. సి విటమినుకే ఆస్కార్బిక్ ఆమ్లమని పేరు. 1928లో దీనిని వేరుచేసిన హంగేరీ శాస్త్రజ్ఞుడు సెంట్ గ్యోర్గి 1937లో నోబెల్ బహుమతి పొందాడు. మనిషికి ఇది బయటి నుండి రావలసిన విటమిను. మొక్క మాత్రం దీనిని తానే తయారు చేసుకొంటుంది.

తానే తయారు చేసుకొనేదానిని మనం ఆకు మీద చల్లుట ఎందుకు? అసలు ప్రశ్న ఇదే. దీనికి జవాబు చెప్పకుండా ‘ఇంత చల్లితే ఇంత పెరిగింది’ అనేవారి మాట నమ్మరాదు.

ముందు చల్లినవారు ఏమి చూశారో చెప్పుకొందాం. ఈ ప్రయోగాలు అధికంగా జరిగినది ఈజిప్టు, ఇరాను దేశాలలో. ఈజిప్టు నుండి రైహాన్, మరువం, జిరేనియం వంటి సుగంధ పంటలు ఎగుమతి అవుతవి. రైహాన్ అనగా మనం షర్బతులో వేసుకొనే సబ్జా గింజల మొక్క. తెలుగులో రుద్రజడ అంటారు. ఆ దేశంలో నైలు నదికి ఎడంగా, కొత్తగా సాగులోనికి తెచ్చిన ఇసుక నేలలలో ఉప్పు ఎక్కువ, సారం తక్కువ. అటువంటి చోట్ల ఆస్కార్బిక్ ఆమ్లం, సిట్రిక్ ఆమ్లం, ఇ విటమిను అయిన టోకోఫెరాల్, సాలిసిలిక్ ఆమ్లం, ఈ నాలుగింటిని విడివిడిగాను కలిపియు ఆకుల మీద పిచికారీ చేసి చూశారు. వాడిన మోతాదు సాధారణంగా లీటరు నీటికి 50 నుండి 400 మిల్లీగ్రాముల లోపు. నాటిన తరువాత రెండు మూడు సార్లు, కొన్ని వారాల ఎడంతో చల్లారు. అనేక ప్రయోగాలలో మొక్క ఎత్తు, కొమ్మల సంఖ్య, పచ్చి ఆకు బరువు, పత్రహరితం పెరిగినట్లు, తైలం కూడా కొంత పెరిగినట్లు తేలింది. ఉప్పునీరు పెట్టిన మళ్ళలోను, నీరు తగ్గించిన మళ్ళలోను ఈ మేలు స్పష్టంగా కనిపించింది. నీరు, ఎరువు సమృద్ధిగా ఉన్న మళ్ళలో మేలు స్వల్పం. మోతాదు మరీ పెంచితే, ముఖ్యంగా సాలిసిలిక్ ఆమ్లంతో, ఎదుగుదల కుంటుపడుటయు కలదు.

ఇప్పుడు పై ప్రశ్నకు వద్దాం. చిన్న లెక్క వేసి చూడండి. హెక్టారుకు 500 లీటర్ల ద్రావణం చల్లితే, లీటరుకు 200 మిల్లీగ్రాముల చొప్పున ఆ నేల మీద పడే ఆస్కార్బిక్ ఆమ్లం 100 గ్రాములు. ఆ హెక్టారులో పది టన్నుల పచ్చి ఆకు ఉన్నదనుకొందాం. వంద గ్రాముల ఆకులో 50 మిల్లీగ్రాముల సి విటమిను ఉన్నదనుకొంటే, ఆకుకూరలలో ఇది విశేషం కాదు, పైరు మొత్తంలో మొక్క తానే చేసుకొన్న విటమిను 5 కిలోలు. మనం చల్లినది అందులో యాభైయవ వంతు. అదైనా ఆకు మీది మైనపు పొర దాటి పూర్తిగా లోనికి పోదు. కొంత జారి నేలపాలవుతుంది, కొంత ఎండలో చెడిపోతుంది. కనుక చల్లిన విటమిను మొక్కకు ఆహారంగా పనికివచ్చిందనుట కుదరదు. బిందెడు నీరున్న ఇంటికి చెంబెడు తెచ్చి దాహం తీర్చామనుట వంటిది అది.

నా బుద్ధికి తోచినంతలో, ఇది ఆహారంగా కాక వార్తగా పనిచేస్తున్నది. ఆకు ఉపరితల కణాలకు ఒక సంకేతం అందుతుంది. ఆ సంకేతంతో మొక్క తన సొంత రక్షణ ఎంజైములను మేల్కొలుపుతుంది. సాలిసిలిక్ ఆమ్లం విషయంలో ఇది ఊహ కాదు. 1979లో వైట్ అను శాస్త్రజ్ఞుడు పొగాకు మొక్కలకు ఆస్పిరిన్ ఇచ్చి, తెగులు కలిగించే వైరస్‌ను అవి ముందుకన్న మెరుగుగా తట్టుకొన్నవని చూపాడు. తలనొప్పికి మనం మింగే ఆస్పిరిన్ సాలిసిలిక్ ఆమ్లపు చుట్టమే. మొక్క దేహంలో తెగులు సోకినప్పుడు ప్రమాద ఘంటిక మోగించే పదార్థం సాలిసిలిక్ ఆమ్లమేనని తరువాతి పరిశోధనలు నిర్ధారించినవి. నిజానికి దీనిని ఆక్సీకరణ నిరోధకం అనుటకంటె హార్మోను అనుట ఉచితం. ఆస్కార్బిక్ ఆమ్లానికి మరికొన్ని పనులు కూడా ఉన్నవి. మొక్క పొడవును పెంచే జిబ్బరెల్లిన్లు తయారగుటకు, కాయను పండించే ఎథిలీన్ తయారగుటకు తోడ్పడే ఎంజైములలో కొన్ని దీని సహాయం లేనిదే నడవవు. సిట్రిక్ ఆమ్లం లోహపు అణువులను పట్టి ఉంచుతుంది. ఇనుము, రాగి అణువులు విడిగా తిరిగితే పెరాక్సైడు మరింత ఉగ్రంగా మారుతుంది గనుక, వాటిని కట్టివేయుట కూడా రక్షణయే.

తైలం సంగతి వేరు. ఎదుగుదల పెరిగినంత మాత్రాన తైలం పెరగవలెనన్న నియమం లేదు. పుదీనా, తులసి కుటుంబపు మొక్కలలో సుగంధ తైలం ఆకు మీద ఉండే గ్రంథి కేశాలలో తయారై, వాటి పొర క్రింద చిన్న బుడగలుగా నిలువ ఉంటుంది. తులసి ఆకును వ్రేళ్ళతో నలిపినప్పుడు పగిలేవి ఈ బుడగలే. నిమ్మగడ్డి, రూసా గడ్డిలలో తైలం ఆకు లోపలి ప్రత్యేక కణాలలో దాగి ఉంటుంది. తైలపు అణువులు ఎక్కువగా అయిదు కర్బన పరమాణువుల చిన్న ఇటుకలతో కట్టినవి. రెండు ఇటుకలు కలిస్తే నిమ్మగడ్డిలోని సిట్రాల్, రూసాలోని జెరానియాల్, పుదీనాలోని మెంథాల్ వంటివి ఏర్పడతవి. తులసిలోని యూజినాల్ వేరే దారిలో, ఫినైల్ అలనిన్ అను అమైనో ఆమ్లం నుండి పుడుతుంది. ఏ దారి అయినా కిరణజన్య సంయోగక్రియ ఇచ్చిన చక్కెరతోనే మొదలగును. ఆకు ఆరోగ్యంగా ఉంటే ముడిసరుకు ఎక్కువ, అందువలన తైలం ఎక్కువ. ఇది ఒక వైపు.

రెండవ వైపు ఇది. మొక్క తైలం చేసుకొనేది మన అత్తరు కోసం కాదు, పురుగు నుండి, పశువు నుండి తనను కాపాడుకొనుటకు. కొంత కష్టం కలిగితేనే కొన్ని మొక్కలలో తైల శాతం హెచ్చుతుంది. నీటి ఎద్దడిలో ఆకు చిన్నదైనా ఘాటుగా ఉండుట ప్రతి గృహిణికి తెలిసిన విషయమే. అందుచేత కష్టాన్ని తొలగించే పిచికారీ వలన తైల శాతం ఒక్కొక్కచోట తగ్గవచ్చును కూడా. ఇక్కడ శాతమునకు, దిగుబడికి గల భేదాన్ని మరువరాదు. ఉదాహరణకు ఒక మడిలో హెక్టారుకు 20 టన్నుల ఆకు, 0.5 శాతం తైలం వస్తే తైలం 100 కిలోలు. ఎద్దడి పడిన మడిలో 16 టన్నుల ఆకు, 0.6 శాతం తైలం అయితే 96 కిలోలు. పిచికారీ చేసిన మడిలో 24 టన్నుల ఆకు, 0.48 శాతం అయితే 115 కిలోలకు పైగా. శాతం చూచినవాడు ఎద్దడి మడి గొప్పదంటాడు. సీసాలు నింపినవాడు పిచికారీ మడి గొప్పదంటాడు. ప్రయోగ ఫలితాలను ప్రకటించేవారు ఈ రెంటిలో దేనిని చెప్పుచున్నారో చూడకుండా పొంగిపోరాదు. మరొక మెలిక కూడా ఉన్నది. తైలం పరిమాణం పెరిగి గుణం పడిపోతే కొనేవాడు ధర తగ్గిస్తాడు. నిమ్మగడ్డి తైలాన్ని సిట్రాల్ పాలును బట్టి కొంటారు. మంచి తైలంలో అది 70 శాతానికి పైబడి ఉంటుంది. రూసా తైలంలో జెరానియాల్ 75 శాతానికి పైబడవలెను.

ఇక మన నేలకు వద్దాం. ఉపరితల గని తవ్వినప్పుడు బొగ్గు పైనున్న మట్టిని, రాతిని తీసి పక్కన పోసిన ఓబీ గుట్టలు మన ఊళ్ళ చుట్టూ కొండల వలె లేచి ఉన్నవి. పై మట్టి అడుగుకు, అడుగు రాయి పైకి వచ్చుటచే ఆ గుట్టలలో నత్రజని, సేంద్రియ పదార్థం అత్యల్పం, నీరు నిలువదు, రాళ్ళు ఎండకు కాగిపోతవి. సింగరేణి వారు వాటిపై చెట్లు పెంచుతూ వచ్చారు. గడ్డి జాతి సుగంధ మొక్కలు ఇటువంటి చోట పనికివస్తవని దేశంలోని అనేక ప్రయోగాలు చూపినవి. నిమ్మగడ్డి, రూసా, వట్టివేరు లోతుగా, దట్టంగా వేళ్ళు పోసి మట్టిని కట్టి ఉంచుతవి. ఘాటు వాసన వలన పశువులు వాటిని అంతగా ముట్టవు. అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. గని మట్టిలోని బరువు లోహాలు ఆకులోనికి ఎక్కినా, అవి ఆవిరి కావు గనుక స్వేదనంలో తైలంతోపాటు రావు. అటువంటి మట్టిలో పండిన కూర తినుటకు జంకవలెను. తైలానికి ఆ భయం లేదు. గనికి భూమి పోయి, మిగిలిన చెక్క భూమిలో ఏమి వేయవలెనో తోచని రైతులకు ఈ మాట పనికివచ్చేదే. నిమ్మగడ్డిలో కృష్ణ, రూసాలో తృష్ణ, తృప్త వంటి రకాలను వెలువరించిన కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ ప్రధాన స్థానం లక్నో అయినను, దానికి హైదరాబాదు బోడుప్పల్‌లో పరిశోధన కేంద్రం ఉన్నది. రైతు అక్కడికి పోయి అడుగవచ్చును. అంగడిలో ‘తైలం రెట్టింపు’ అని రంగు కాగితం అంటించి అమ్మే టానిక్కు సీసాను అడుగుటకంటె అది మేలు.

పిచికారీకి మన ప్రాంతంలో ప్రత్యేకించి ఒక ప్రయోజనం ఉండునేమో ఆలోచించవలసి ఉన్నది. మన గాలిలో బొగ్గు ధూళి ఉన్నది. 1983లో తొలి యూనిట్ ఆరంభమైన ఎన్.టి.పి.సి. విద్యుత్ కేంద్రం వంటి బొగ్గు మండించే చోట్ల గంధక వాయువు వెలువడుట సహజం. ధూళి పత్రరంధ్రాలను మూసివేస్తుంది. గంధక వాయువు ఆకులోనికి పోయి, మనం పైన చెప్పుకొన్న ఉగ్ర రూపాలనే పుట్టిస్తుంది. ఆకులో సి విటమిను ఎక్కువగా ఉన్న మొక్క దీనిని ఎక్కువగా తట్టుకొంటుంది. కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన సింగ్, రావు అను శాస్త్రజ్ఞులు 1983లో దీనిని ఒక సూత్రంగా కూర్చారు. ఒక గ్రాము ఆకులోని మొత్తం పత్రహరితాన్ని మిల్లీగ్రాములలో కొలిచి, దానికి ఆకు రసపు పి.హెచ్.ను కూడవలెను. ఆ మొత్తాన్ని గ్రాము ఆకులోని ఆస్కార్బిక్ ఆమ్లపు మిల్లీగ్రాములతో గుణించి, ఆకులోని సాపేక్ష నీటి శాతాన్ని కలిపి, పదితో భాగించవలెను. వచ్చినది వాయు కాలుష్య సహన సూచిక. పత్రహరితం 1.5, పి.హెచ్. 6, నీరు 75 శాతం, ఆస్కార్బిక్ ఆమ్లం 5 అనుకొంటే సూచిక 11.25. తక్కినవన్నీ అట్లే ఉండి ఆమ్లం 10 అయితే సూచిక 15. సూత్రంలో సి విటమిను గుణకంగా కూర్చున్నది గనుకనే ఇంత తేడా. సూచిక 17 దాటిన మొక్కలను తట్టుకొనేవిగా, 11 లోపు ఉన్నవాటిని సుకుమారమైనవిగా లెక్కిస్తారు.

ఈజిప్టు ఇసుకలో కలిగిన మేలు రామగుండం ధూళిలో కలుగునా అన్నది ఎవరి పుస్తకంలోనో వెదకి కాక, ఇక్కడనే మొక్క నాటి తెలిసికొనవలసినది. ఒక హెచ్చరిక మాత్రం చేయదలచినాను. ఇటువంటి ప్రయోగాలలో పెక్కు చిన్న మళ్ళలో, ఒకటి రెండు కార్తులు మాత్రమే సాగినవి. మేలు కలిగిన ప్రయోగం అచ్చుకు ఎక్కినంత సులువుగా, ఏమీ జరగని ప్రయోగం ఎక్కదు. ఇది మనిషి నైజం. కనుక అచ్చులో ఉన్న మేలు పొలంలో ఉన్న మేలుకంటె కొంత ఎక్కువగా కనిపించుట వింత కాదు. పైగా ఆకలిగొన్న మొక్కకు అత్తరు పూసినట్లు, నత్రజని లేని నేలలో విటమిను చల్లి ఫలితం ఆశించుట వ్యర్థం. 1999లో మూతపడిన రామగుండం ఎరువుల కర్మాగారం స్థానంలో వచ్చిన కొత్త కర్మాగారం 2021 నుండి యూరియా ఉత్పత్తి చేస్తున్నది. పశువుల ఎరువు, ఆ యూరియా, సకాలంలో నీరు, కలుపుతీత, ఇవి మొదటివి. పిచికారీ వీటి తరువాతిదే.

మన వృక్షశాస్త్ర, రసాయనశాస్త్ర శాఖల విద్యార్థులు కలిసి చేయదగిన చిన్న ప్రయోగం ఒకటి ఉన్నది. ఇరువది కుండీలలో ఒకే మట్టి, ఒకే ఎరువు వేసి, ఒకే నారుమడిలోని రుద్రజడ మొక్కలు నాటవలెను. అయిదేసి కుండీలు నాలుగు వర్గాలు. మొదటి దానికి ఆస్కార్బిక్ ఆమ్లం లీటరుకు 200 మిల్లీగ్రాములు, రెండవ దానికి సాలిసిలిక్ ఆమ్లం లీటరుకు 70 మిల్లీగ్రాములు, మూడవ దానికి సిట్రిక్ ఆమ్లం 200 మిల్లీగ్రాములు, నాలుగవ దానికి వట్టి నీరు. ఈ నాలుగవ దానిని చాలామంది మరచిపోతారు. అసలు ఏమీ చల్లని మొక్కతో పోలిస్తే చాలదు. ఆకు మీది బొగ్గు ధూళిని కడిగినందుకే మొక్క బాగుపడి ఉండవచ్చును గదా! మన ఊరిలో ఈ అనుమానం మరీ సమంజసం. వర్గాలను వరుసగా పెట్టక, చీటీలు వేసి కుండీల స్థానం నిర్ణయించవలెను. గోడ నీడ ఒకే వర్గం మీద పడరాదు.

ఆస్కార్బిక్ ఆమ్లాన్ని చల్లేముందు అప్పటికప్పుడు కలుపుకొనవలెను. రాగి, ఇత్తడి పాత్ర తగిలితే అది త్వరగా చెడిపోతుంది. ప్లాస్టిక్ బకెట్టు శ్రేష్ఠం. బోరు నీరు క్షారగుణం కలదైతే వాన నీరు గాని, ప్రయోగశాలలోని స్వేదన జలం గాని వాడవలెను. సాలిసిలిక్ ఆమ్లం నీటిలో అంత సులువుగా కరగదు. కొద్దిపాటి ఆల్కహాలులో కరిగించి నీటిలో పోసి కలుపుతారు. అట్లు చేసినచో తక్కిన మూడు ద్రావణాలలోను అంతే ఆల్కహాలు చేర్చవలెను, లేకున్న పోలిక చెడుతుంది. టోకోఫెరాల్ నూనెలో కరిగేదే గాని నీటిలో కరగదు గనుక దానిని ఈ ప్రయోగం నుండి తప్పించినాను. పిచికారీ సాయంకాలం, ఎండ తగ్గిన పిమ్మట చేయవలెను. మధ్యాహ్నం చల్లితే చుక్క ఆకు మీదనే ఆరిపోతుంది.

ఆకులోని ఆస్కార్బిక్ ఆమ్లాన్ని అయోడిన్ ద్రావణంతోను, పిండి సూచికతోను కొలుచుట మన ప్రయోగశాలలో సాధ్యమే. ఆకు రసపు పచ్చదనం వలన చివరి రంగు గుర్తించుట కొంత కష్టం. ఆగ్జాలిక్ ఆమ్లంలో నూరి, వడగట్టి, పలుచన చేస్తే కొంత సులువగును. తైలానికి క్లెవెంజర్ పరికరం కావలెను. 1928 నాటి ఈ గాజు పరికరాన్ని కళాశాల కమిటీ వారు దయతో కొని ఇచ్చినచో, దానిని ఏటేటా ఉపయోగించవచ్చును. ఒక కుండీ ఆకు ఒక స్వేదనానికి చాలకపోవచ్చును. అట్లని అయిదు కుండీల ఆకును ఒకటిగా పోసి వండితే అయిదు ఫలితాలకు బదులు ఒక్కటే మిగులును. అప్పుడు తేడా మందు వలన వచ్చినదో, యాదృచ్ఛికమో తేల్చలేము. కుండీలు పెద్దవి తీసికొని ఒక్కొక్క దానిలో మూడు మొక్కలు పెంచుట దీనికి ఉపాయం. నారు మే చివర పోసి, జూలైలో తొలకరి నిలదొక్కుకొన్నాక నాటితే, పూత నిండుగా వచ్చేసరికి అక్టోబరు అగును. కోత అప్పుడే. వార్షిక పరీక్షలకు ఇంకా చాలినంత వ్యవధి ఉంటుంది. ఆకు కోసిన దినమే తూచి, ఆ దినమే స్వేదనం చేయవలెను.